పాప తరఫు మనిషి

జడ్జిగారి గదిలో ఆమె "ఈ పిల్ల నాది కాదండి" అన్నప్పుడు, ఆమె అబద్ధం చెబుతోందని అక్కడున్న అందరిలోనూ నాకొక్కదానికే తెలుసు. ఎలా తెలిసిందన్నది ఆ తర్వాత ఒక్కసారి ఆమెతోనే అన్నాను. ఇంకెవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకునే అలవాటున్నదాన్ని, డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "బాగా ఉక్క. కోర్టుకు వెళ్ళొచ్చాను" అని మాత్రం ఉంది.

అది 2005. మేం షార్జాలో, అల్ నహ్దాలో ఉండేవాళ్ళం. నాన్న జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగి కంపెనీలో లెక్కలు చూసేవారు. దుబాయ్ రోడ్డు మీద బండ్లు నిండకముందే దాటాలని పొద్దున్నే వెళ్ళిపోయేవారు. నేను డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేసి, ఉద్యోగానికి వెళ్ళే ధైర్యం చాలక, ఇంట్లో పుస్తకాలు చదువుకుంటూ కూర్చునేదాన్ని. కొత్త మనుషులతో మాట్లాడాలంటే భయం. లిఫ్టులో ఎవరైనా ఉంటే ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, మెట్లెక్కి వెళ్ళేదాన్ని.

అలాంటి నన్ను కోర్టు దాకా లాక్కెళ్ళింది పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, మా అమ్మకు ఊరి వరస. ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేశాక, తెలుగు సంఘం తరఫున జైళ్ళలో ఉన్న ఆడవాళ్ళ సంగతులు చూసేది. ఒక శుక్రవారం మా ఇంటికొచ్చి, చాయ్ చల్లారకముందే అసలు మాట ఎత్తింది.

"పిల్లకు బడిల చెప్పిన అరబ్బీ వచ్చు, హిందీ వచ్చు, తెలుగు ఇంట్లదే. గిన్ని భాషలు వెట్టుకొని ఇంట్ల కూసోవెట్టిన్రు. ఏం జేస్తరు, తొక్కు పెడ్తరా?"

నాన్న నవ్వారు. "అది ఇంట్లనే నోరు తెరువది అక్కా. కోర్టుల తెరుస్తదా?"

"తెరిచేటోళ్ళతోనే పరేషాన్ తమ్మీ. నేను తెరిస్తె నన్నే లోపలేస్తరు. గిసొంటి పిల్లనే కావాలె."

పెద్దమ్మ సరిగ్గానే అంచనా వేసింది. ఆ పని నాకు కష్టమనిపించలేదు. జడ్జి అరబ్బీలో అడిగేవారు, నా బడి అరబ్బీ దానికి చాలదు. కోర్టు అనువాదకుడు, పెషావర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, దాన్ని ఉర్దూలో చెప్పేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. జవాబు అదే దారిలో వెనక్కి వెళ్ళేది. మొదటిరోజే ఆయన నన్ను పక్కకు పిలిచి, "బేటీ, వాళ్ళన్నది చెప్పు. నీ నిట్టూర్పు కూడా అందులో కలపకు" అన్నాడు. నాకది వరంలా అనిపించింది. పలికేవి నా మాటలు కానప్పుడు సిగ్గు ఎక్కడికో పోయేది. నా గొంతు అద్దెకిచ్చిన ఇల్లులా ఉండేది. ఎవరెవరో వచ్చి మాట్లాడి వెళ్ళేవారు, నేను మాత్రం బయట నిలబడేదాన్ని.

పాప సంగతి ఆ వేసవి మొదట్లో వచ్చింది. షార్జాలో పాత విల్లాలను చెక్కలతో గదులుగా కొట్టి, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు అద్దెకిచ్చేవారు. అలాంటి ఒక విల్లా మీద పోలీసులు దాడి చేస్తారని పుకారు పుట్టి, ఉన్నవాళ్ళంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రం నాతూర్ (ఆ విల్లాకు కాపలా మనిషి) తలుపులు వేస్తుంటే ఒక గదిలో నాలుగైదేళ్ళ ఆడపిల్ల పరుపు మీద కూర్చుని ఉంది. తెలుగు మాట్లాడుతోందని తెలిసి సంఘం వాళ్ళకు ఫోన్ చేశాడు. పాపకు కాగితం అంటూ ఏదీ లేదు. మీ అమ్మ పేరేంటి అంటే "అమ్మ" అనేది.

మా బిల్డింగ్‌కు రెండు వీధుల అవతల గుంటూరు వైపు దంపతులుండేవారు. ఆయన ఆఫీసు ఉద్యోగి, మితభాషి. ఆవిడను నేను ఆంటీ అనేదాన్ని. పిల్లల్లేరు. పాపను వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళారు. తల్లి ఎవరో తేలేదాకా అక్కడే ఉండొచ్చని అధికారులు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. వారానికోసారి బయటి మనిషి ఎవరైనా వెళ్ళి పిల్లను చూసి రావాలి, కోర్టుకు పిలిచినప్పుడు పిల్ల పక్కన ఉండాలి, పిల్లకు ఏం కావాలో చెప్పాలి. పిల్ల తరఫు మనిషి అన్నమాట. పెద్దమ్మ నా పేరిచ్చేసి, తర్వాత నాకు చెప్పింది.

అలా శుక్రవారాలు ఆంటీ ఇంటికి వెళ్ళడం మొదలైంది. మొదటిసారి నేను బెల్లు కొట్టి లోపలికి వెళ్ళేసరికి, పాప చెప్పుల స్టాండు పక్కన కింద కూర్చుని, రెండు కాళ్ళకూ చెప్పులు వేసుకుని ఉంది.

"బెల్లు మోగితే చాలు, చెప్పులేసుకుని కూర్చుంటుందమ్మా" అంది ఆంటీ. "పాలవాడొచ్చినా అంతే, లాండ్రీ అబ్బాయొచ్చినా అంతే. ఎక్కడికే అంటే చెప్పదు. చెప్పులు దాచేశాననుకో, నావి వేసుకుని కూర్చుంటుంది!"

ఆంటీ నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

పాప నాతో మాట్లాడడానికి చాలా వారాలు పట్టింది. నేనూ మాట్లాడేదాన్ని కాదు కాబట్టి మాకు సరిపోయింది. ఇద్దరం బాల్కనీలో కూర్చుని, కింద పార్కింగ్‌లో చోటు కోసం చుట్టూ తిరిగే కార్లను చూసేవాళ్ళం. ఒకరోజు తనంతట తనే, "తెల్ల కారుకి చోటు దొరకలా" అంది. నాతో అన్న మొదటి మాట అదే. క్రమంగా బుగ్గలొచ్చాయి. ఆంటీ మాటతీరు వచ్చింది. "ఏంటమ్మా, ఇంత ఆలస్యం!" అని నన్ను దబాయించేది.

ఒక మధ్యాహ్నం ఆంటీ సరుకులకు వెళ్ళి ఆలస్యమైతే పాపను నేనే నిద్రపుచ్చాను. పక్కన పడుకోగానే చిన్న చెయ్యి నా మొహం తడిమి, కుడి చెవిని వదిలేసి, ఎడమ చెవి తమ్మె పట్టుకుంది. పట్టుకుని ఊరుకోలేదు. కిందికి లాగింది. తన మొహం దగ్గరికి వచ్చేదాకా నా తలను వంచి, అప్పుడు తమ్మెను వేళ్ళ మధ్య నలుపుతూ కళ్ళు మూసుకుంది. మెడ నొప్పి పుట్టినా నేను కదల్లేదు.

ఆంటీ వచ్చాక చెబితే, "నీకూ అయిందా!" అని తన చెవి చూపించింది. ఎడమ చెవికి దుద్దు లేదు. "గుచ్చుకుంటోందని తీసేశాను. కుడి చెవిస్తే ఒప్పుకోదు. మెడ పట్టేసిందమ్మా నాకు. ఇప్పుడు పక్క మీద కూర్చుంటే చాలు, తల దానంతటదే వంగిపోతోంది. మా ఆయన నవ్వుతున్నారు, ఏంటే, ఎవరికి దణ్ణం పెడుతున్నావని!"

నాలుగైదు నెలలు గడిచాక, జైల్లో ఉన్న ఒకామె నుంచి పెద్దమ్మకు కబురొచ్చింది. కోనసీమ మనిషి. వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ ఇంట్లో తిండి పెట్టక బయటికొచ్చేసి, ఆ ఇంట్లో ఈ ఇంట్లో పనులు చేసుకుంటూ ఉండగా పట్టుబడింది. తనకు కూతురుందని, విల్లాలో తోటి మనిషికి అప్పగించి పనికి వెళ్ళిన రోజునే పోలీసులు పట్టుకున్నారని, భయపడి ఇన్నాళ్ళూ బయటపెట్టలేదని చెప్పింది. భర్త రువైస్‌లో పైపుల పనికి వచ్చినవాడు. పాప కడుపులో ఉండగానే కంపెనీ మూతపడి ఇంటికి వెళ్ళిపోయాడు. పెళ్ళయినట్టు ఊరి నుంచి కాగితం తెప్పించారు. ఇక తేలాల్సింది ఒక్కటే. ఈ పాప ఆమె కూతురేనా? అవునంటే రక్తపరీక్ష చేసి, ఇద్దరినీ కలిపి ఇండియా పంపిస్తారు. దానికోసం ఇద్దరినీ ఎదురెదురుగా ఉంచి చూడాలని జడ్జి వాయిదా ఇచ్చారు.

ఆ ఉదయం పాపను తీసుకెళ్ళడానికి వెళ్ళేసరికి ఆంటీ ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. ఆంటీ తన పట్టుచీరల్లో ఒకదాన్ని కోసి, పాపకు లంగా జాకెట్టూ కుట్టించింది. ఆకుపచ్చ లంగా, ఎర్ర అంచు. కాళ్ళకు పట్టీలు. చేతుల నిండా గాజులు. బర్‌దుబాయ్ నుంచి తెప్పించిన మల్లెపూలు. బుగ్గన దిష్టి చుక్క. పాప గాజుల చేతులు ఆడించుకుంటూ గిరగిరా తిరుగుతోంది.

"కోర్టుకా ఆంటీ?" అన్నాను, ఎలాగో.

"మరి? ఎవరింటికైనా పిల్లని పాత గౌనుతో పంపుతామా? తల్లి చూస్తుందే! ఎలా పెంచుతున్నారో అనుకోదూ?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ తల్లో కాదో కూడా తెలీదుగా ఇంకా" అంది.

ఆ రెండు మాటల్లో ఆంటీ మనసు ఏ మాటలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

జడ్జిగారిది చిన్న గది. బల్లకు అటువైపు ఆయన, పక్కన అనువాదకుడు. ఇటువైపు గోడ వారగా నేనూ, పాపా, ఆంటీ, పెద్దమ్మా. ఒక పోలీసామె ఆమెను తీసుకొచ్చింది. ఆమె సన్నగా, తలమీద జైలు వాళ్ళిచ్చిన గుడ్డతో, నేను ఊహించినదానికన్నా చాలా చిన్నదిగా ఉంది. దాదాపు నా వయసే. లోపలికి అడుగుపెట్టగానే పాపను చూసింది. పట్టులంగాను చూసింది, గాజులను చూసింది, పూలను చూసింది. మొహంలో మొదట వెలిగినదేదో మెల్లగా ఆరిపోయింది. పాప ఆ గుడ్డ చుట్టుకున్న మనిషిని చూసి బెదిరి ఆంటీ ఒళ్ళో మొహం దాచుకుంది.

జడ్జి మెత్తగానే అడిగారు. ఇది నీ కూతురేనా? ప్రశ్న ఉర్దూలోంచి నా దగ్గరికొచ్చింది. నేను తెలుగులో అడిగాను.

"కాదండి" అంది. "ఈ పిల్ల నాది కాదండి. నా పిల్ల సన్నగా, నల్లగా ఉంటదండి. ఇలా ఉండదండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె తల ఎడమ పక్కకు వాలింది. చూపు నేలమీదే ఉంది. భుజాలు కదల్లేదు. తల మాత్రం, ఎవరో పట్టి కిందికి లాగుతున్నట్టు, చెవి ముందుగా వంగి అలాగే నిలిచింది. తను అలా వంగినట్టు ఆమెకే తెలియదనుకుంటాను.

ఆంటీ చూడలేదు. ఆంటీ పాపను చూస్తోంది. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది.

నేను ఉర్దూలో చెప్పాను: ఈ పిల్ల తనది కాదంటోంది. పెద్దాయన అరబ్బీలో చెప్పాడు. జడ్జి రాసుకున్నారు. కాసేపు పేపర్ల మీద కలం ఆపి, ఇంకొక్కసారి ఆలోచించుకోమని చెప్పండి, అని మరో వాయిదా ఇచ్చారు.

వరండాలో నీళ్ళ కూలర్ దగ్గర పెద్దాయన నన్ను ఆపాడు. "వచ్చేసారి కూడా కాదంటే ఫైలు ఖలాస్, బేటీ. అప్పుడు పిల్ల ఎవరి పిల్లా కాదు. సర్కారు హోమ్‌కు పంపుతారు. కొత్త పేరు, కొత్త కాగితాలు. బాగా చూస్తారు, అబద్ధం చెప్పను. కానీ ఆ తర్వాత మీరెవరూ చూడడానికి వీలుండదు."

"మరి ఆ ఆంటీ?"

"ఆమెకెలా ఇస్తారు? ఇన్నాళ్ళు ఉంచుకోనిచ్చిందే ఎక్కువ."

బయట కారులో పెద్దమ్మ, "ఇంకో కేసు పడ్తదని భయపడ్డదేమో ముండ. లేకుంటె నిజంగనే కాదేమో. ఏమంటవే?" అంది. నాకు తెలిసింది పెద్దమ్మతో చెబితే, మంచికేనని పదిమందికి చెబుతుంది. జడ్జి ముందు అబద్ధమాడిందన్న మాట ఆమె మీదికి వస్తుంది. పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. వెనక సీట్లో పాప గాజులు గలగలలాడుతున్నాయి. ఆంటీ దాని తల నిమురుతూ, "అయిపోయిందిలే నాన్నా, అయిపోయింది, మనింటికెళ్ళిపోదాం" అంటోంది. హోమ్ సంగతి ఆంటీకి తెలియదు. తెలిసినవాళ్ళెవరూ చెప్పలేదు.

ఆ వారం పెద్దమ్మను అడిగాను, జైలుకు తీసుకెళ్ళమని. నా అంతట నేను ఏదైనా అడగడం అదే మొదటిసారి. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నోట్ల నాలుక ఉన్నదా నీకు! పా మరి."

ములాఖాత్ గదిలో అద్దానికి అటూ ఇటూ ఫోన్లు. మా వైపు ఒక్కటే రిసీవర్. అందులోంచి ఎవరిదో అత్తరు వాసన. ఆమె వచ్చి కూర్చుంది. వెంటనే నన్ను పోల్చుకుంది.

"మేడంగారండీ, మళ్ళీ ఎందుకొచ్చారండి? చెప్పేశాను గదండి."

ఇంట్లో నేను వాక్యాలు తయారుచేసుకున్నాను. మూడు రోజులు అద్దం ముందు వల్లించాను. ఒక్కటీ గుర్తురాలేదు. ఈసారి వెనక ఎవరి మాటా లేదు, మార్చి చెప్పడానికి.

"పాప చెవి పట్టుకుంటేగానీ నిద్రపోదు" అన్నాను. "ఎడమ చెవి. తలను కిందికి లాక్కుంటుంది. మొన్న కాదని చెప్పేటప్పుడు మీ తల అలాగే వంగింది."

ఆమె చెయ్యి తలమీది గుడ్డ కిందికి, ఎడమ చెవి మీదికి వెళ్ళింది. ఫోను దగ్గరికి ఒక్కరినే రానిస్తారని తలుపు దగ్గరే ఆగిపోయిన పెద్దమ్మ అక్కణ్ణించే అడుగుతోంది. "ఏమంటున్నదే? ఏమంటున్నది?"

"ఎవురికన్నా చెప్పారా అండి?" అంది చివరికి.

"లేదు."

"చెప్పకండి. కన్నపిల్లని కాదందంటారండి."

చెప్పనన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే చెప్పలేదు. ఇప్పుడు ఊరూ పేరూ లేకుండా రాస్తే మాట తప్పినట్టు కాదని సర్దిచెప్పుకుంటున్నాను.

"ఎందుకు కాదన్నారు?"

ఆమెకు ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టుంది. "పట్టులంగా కట్టి తెచ్చారు గదండి" అంది. "మా కాడ పిల్లని పెంపకానికి తీసుకున్నోళ్ళు కొత్తబట్టలు కట్టి, పూలెట్టి, కన్నోళ్ళ ముందుకి తెస్తారండి. ఇంక మా పిల్లా అని. మనం ఒకసారి చూసుకుని, తల తిప్పేసుకోవాలండి. మళ్ళీ నాదీ అనకూడదండి. ఆవిడగారు అంత మర్యాదగా తెచ్చారు. నేనేటండి ఇవ్వగలను? బుగ్గలొచ్చాయండి దానికి. నా కాడుండగా ఎప్పుడూ బుగ్గల్లేవండి."

ఆంటీ ఇంటి మర్యాదలో పిల్లను పాత గౌనుతో పంపకూడదు. ఈమె ఊరి మర్యాదలో కొత్తబట్టల పిల్లను తిరిగి అడగకూడదు. ఇద్దరూ తెలుగువాళ్ళే. మధ్యలో నేనొక్కదాన్ని భాష తెలిసినదాన్నని నిలబడ్డాను.

హోమ్ సంగతి చెప్పాను. ఆమె అర్థం చేసుకోవడానికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"ఆవిడగారి కాడ ఉంచరా అండి?"

"ఉంచరు."

"అక్కడ కొడతారా అండి?"

"కొట్టరు. బాగా చూస్తారన్నారు. చదివిస్తారు."

"మా ఊళ్ళో ఏముందండి" అంది, నాతో కాదు, రిసీవర్‌తో. "ఆయన వేరే కాపరం పెట్టేశాడంట. అన్నయ్య ఇంటికాడ వరండాలో ఉండాలి. మా వదిన నన్నే ఓర్చుకోదు." మళ్ళీ నాకేసి చూసి, "నన్నడుగుద్దా అండి పాప?" అంది.

అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. "అడగదు" అన్నాను. "నిద్రలో మాత్రం చెవి వెతుక్కుంటుంది."

అప్పుడామె ఏడ్చింది. శబ్దం లేకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఏడుపు ఆగాక నా వైపు సూటిగా చూసి అడిగింది.

"మీరు చదువుకున్నోరు గదండి. పాపని చూస్తున్నోరు. మీరు చెప్పండి. దానికేది మంచిది? రమ్మంటారా, వదిలెయ్యమంటారా?"

పాప తరఫున మాట్లాడడానికే నన్ను పెట్టారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా పని. నోరు తెరిచాను. మాట రాలేదు. రెండువైపులా బరువుంది, నేను చదివిన ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. ఈలోగా సమయం అయిపోయి లైను తెగింది. రిసీవర్‌లో గాలి చప్పుడు కూడా లేదు. అద్దానికి అటువైపు ఆమె నా మొహాన్నే చూస్తూ, నేనేదో చెప్పినట్టే, నెమ్మదిగా తల ఊపింది. లేచి వెళ్ళిపోయింది.

ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కలల్లోకి వస్తుంది. నా మొహంలో ఏం చూసిందో తెలియదు. ఏది చూసిందో అదే నా జవాబైపోయింది.

తర్వాతి వాయిదాకు పాపను మామూలు గౌనుతో పంపమని ఆంటీని అడిగాను. "నలుగురూ ఏమనుకుంటారమ్మా!" అంటూనే, నా మొహం చూసి, పంపింది. ఆమె గదిలోకి వచ్చి, జడ్జి అడక్కముందే "నా బిడ్డేనండి" అంది. మొన్న కాదన్నావే అంటే, "భయమేసిందండి" అంది. నేను నిట్టూర్పు కలపకుండా ఉర్దూలో చెప్పాను. అనువాదకుడు నా వైపు ఒకసారి చూసి, అరబ్బీలో చెప్పాడు. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది.

ఆంటీ కోర్టు వరండాలోనే గోడకానుకుని కూర్చుండిపోయింది. "నువ్వు జైలుకెళ్ళావటగా" అంది నాతో. "ఏం చెప్పావమ్మా దానికి? మొన్న కాదన్న మనిషి ఇవాళ అవునందంటే, ఏం చెప్పి ఉంటావ్?" అవుననమని నేను చెప్పలేదన్నది నిజమే. ఆ నిజం ఎవరు నమ్ముతారు? కాదంటే పాప హోమ్‌కు వెళ్ళేదని పెద్దమ్మ ఎంత వివరించినా ఆంటీ తలకెక్కలేదు. ఆ రోజు తర్వాత నాతో మాట్లాడలేదు. పాపను పంపే రోజు పెట్టె సర్ది గుమ్మం బయట పెట్టి, తను లోపలి గదిలో తలుపేసుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక కొన్నాళ్ళు పెద్దమ్మ వాకబు చేసింది. సంఘంలో ఒకాయనకు ఆ వైపు బంధువులుండేవారు. మొదట అన్నయ్య ఇంట్లో ఉన్నారని తెలిసింది. ఏడాది తిరిగేలోగా ఆమె మళ్ళీ ఏజెంటును పట్టుకుని కువైట్ వెళ్ళిపోయిందని ఒకరు, కాదు రాజమండ్రిలో ఏదో ఇంట్లో పనికి కుదిరిందని ఒకరు అన్నారు. పాప ఎక్కడ, ఎవరి దగ్గర అంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. 2008లో మేమూ షార్జా వదిలి వచ్చేశాం. బస్సుల్లో, ఆస్పత్రుల్లో ఆ వయసు పిల్లలు కనిపిస్తే ఆగి చూసేదాన్ని. తర్వాత లెక్క కట్టుకుని ఇంకా పెద్ద పిల్లలను, ఇంకా పెద్ద పిల్లలను చూడడం మొదలుపెట్టాను. ఇప్పుడు చూస్తే పోల్చుకోలేను. అయినా చూస్తాను.

ఆ రోజు విమానాశ్రయానికి పెద్దమ్మా నేనూ తీసుకెళ్ళాం. మధ్యాహ్నం విమానం. తల్లిని పోలీసులు వేరే దారిలో లోపలికే తెస్తారు. పాపను మేం అడ్డుగొలుసు దగ్గర ఒక పోలీసామెకు అప్పగించాలి. దారంతా పాప ఉషారుగానే ఉంది. బండి ఎక్కడం దానికి ఎప్పుడూ సరదానే. "అమ్మ దగ్గరికి పోతున్నవ్ బిడ్డా, మీ ఊరు పోతున్నవ్" అని పెద్దమ్మ చెబుతుంటే శ్రద్ధగా తల ఊపింది. గొలుసు దగ్గర పెద్దమ్మ దానికి ముద్దు పెట్టి, ఇటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెప్పడానికి ఏమీ దొరక్క, దాని గౌను మెడ దగ్గర గుండీ సరిచేశాను. పోలీసామె చెయ్యి చాచింది. పాప ఆ చెయ్యి పట్టుకుని, రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. భయం లేదు, ఏడుపు లేదు. తెలుసుకుని ఉంటే మంచిదన్నట్టు అడిగింది:

"అక్కా, మరి అక్కణ్ణించి నన్ను తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు?"